ప్రీఎక్లాంప్సియా రక్తపరీక్ష: ఎప్పుడు చేయించాలి, రిపోర్టు ఎలా చదవాలి

మా చెల్లెలికి 30వ వారం నడుస్తుండగా ఒక రాత్రి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అక్కా, రిపోర్టు పంపాను, చూశావా? చివర్లో 27 అని ఉంది. అది ఎక్కువా, తక్కువా? పక్కన ఏమీ రాయలేదు." ఆ వారంలో తనకు రెండుసార్లు బీపీ 140 తాకింది. మూత్రంలో ప్రోటీన్ లేదు. డాక్టరుగారు అనుమానం తీర్చుకోవడానికి రక్తపరీక్ష రాశారు.

నేను కాకినాడలో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్టును. 19 ఏళ్లుగా ఇదే పని. ఆ అంకె అర్థం నాకు తెలుసు. అయినా తనకు వివరంగా చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ రోజు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయి తర్వాత మూడు వారాలపాటు బాధపడినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో గర్భిణి ఉన్న ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా రిపోర్టులు తెచ్చి డాక్టరుకు చూపించే భర్తలూ తల్లులూ చదవాలని నా కోరిక.

పరీక్ష దేన్ని కొలుస్తుంది

20 వారాలు దాటిన గర్భిణికి కొత్తగా బీపీ 140/90కి చేరి, దానితోపాటు మూత్రంలో ప్రోటీన్ పోవడమో, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతినడమో, ప్లేట్‌లెట్లు తగ్గడమో కనిపిస్తే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే మూర్ఛలు వస్తాయి. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడేది దానికే. ప్రపంచం మొత్తం మీద వంద మంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా ప్రీఎక్లాంప్సియా బారిన పడతారు.

బీపీ యంత్రంలో కనిపించేది జబ్బు కొస మాత్రమే. దాని మొదలు మాయలో, అంటే ప్లాసెంటాలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మాయ పీఎల్‌జీఎఫ్ (రిపోర్టులో PlGF) అనే ప్రోటీన్‌ను తల్లి రక్తంలోకి పంపుతుంది. తల్లి రక్తనాళాల లోపలి పొరను మెత్తగా, పనిచేసేలా ఉంచడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. మాయకు రక్తం సరిగ్గా అందకపోతే అది ఎస్‌ఫ్లిట్‌-1 (sFlt-1) అనే మరో ప్రోటీన్‌ను అతిగా వదులుతుంది. ఇది రక్తంలో తిరుగుతూ పీఎల్‌జీఎఫ్‌ను పట్టి బంధించేస్తుంది. కోనసీమలో కాలువ శివారు రైతుకైతే ఒక్క మాటలో చెప్పవచ్చు. లాకుల దగ్గర నీళ్లు వదిలినా, గట్టు పొడవునా మోటార్లు పెట్టి తోడేస్తే శివారు చేను బీటలు వారుతుంది. పీఎల్‌జీఎఫ్ కాలువ నీరు, ఎస్‌ఫ్లిట్‌-1 మోటార్లు. ఎండిపోయే శివారు తల్లి మూత్రపిండాలు, కాలేయం, మెదడులోని సన్నని రక్తనాళాలు.

2003లో అమెరికాలోని బోస్టన్ నగరంలో అనంత్ కరుమంచి బృందం ఎలుకల్లో ఎస్‌ఫ్లిట్‌-1ను పెంచి చూసింది. వాటికి బీపీ పెరిగింది, మూత్రంలో ప్రోటీన్ పోయింది. మరుసటి ఏడాది గర్భిణుల రక్తం పరిశీలిస్తే, జబ్బు బయటపడటానికి సుమారు ఐదు వారాల ముందు నుంచే ఎస్‌ఫ్లిట్‌-1 పెరగడం కనిపించింది. కాలువలో నీరెంత, మోటార్లెన్ని అని లెక్కపెట్టి చేను ఎండకముందే తెలుసుకోవచ్చన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. మనం చేయించే పరీక్ష ఆ లెక్కే.

బీపీ సరిగ్గా చూడకుండా రక్తపరీక్షకు పోవద్దు

ల్యాబ్‌లో పనిచేసే నేనే ఈ మాట ముందు చెబుతున్నాను. బీపీ తప్పుగా చూస్తే అక్కర్లేని వారికి పరీక్ష రాస్తారు, అవసరమైన వారిని ఇంటికి పంపేస్తారు. మెట్లెక్కి వచ్చిన వెంటనే, జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి, మంచం అంచున కాళ్లు వేలాడుతుండగా తీసిన బీపీని నేను లెక్కలోకి తీసుకోను.

మూత్రానికి వెళ్లి వచ్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. వీపుకు ఆసరా, పాదాలు నేల మీద, చేయి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ ఒంటి మీదే చుట్టాలి. లావు చేతికి పెద్ద పట్టీ వాడాలి. చిన్న పట్టీ బీపీని ఎక్కువ చూపిస్తుంది. మొదటిసారి ఎక్కువ వస్తే ఆగి మళ్లీ చూడాలి. నాలుగు గంటల తేడాతో రెండుసార్లు 140/90 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అది నిజమైన పెరుగుదల. పై అంకె, కింది అంకెల్లో ఏ ఒక్కటి దాటినా లెక్కే. పైది 160కి గానీ కిందిది 110కి గానీ చేరి పావుగంట తర్వాత కూడా అలాగే ఉంటే ఏ రక్తపరీక్ష కోసమూ ఆగకూడదు, అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి.

మూడో నెలలో చేసే పరీక్ష వేరు, ఐదో నెల దాటాక చేసేది వేరు

ఈ రెండింటినీ కలగలిపేసుకోవడం నేను వారానికి ఒకసారైనా చూస్తాను.

మొదటిది 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపు చేస్తారు. అప్పటికి జబ్బు ఉండదు. ముందు ముందు వచ్చే అవకాశం ఎంత అని అంచనా కడతారు. ఇందులో రక్తంలోని పీఎల్‌జీఎఫ్ ఒక భాగం మాత్రమే. రెండు చేతులకూ చూసిన బీపీ సగటు, గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, తల్లి వయసు, ఎత్తు, బరువు, పాత కాన్పుల చరిత్ర అన్నీ కలిపి కంప్యూటర్ లెక్క కడుతుంది. అందుకే బరువు దాచకండి, గుర్తున్న పాత బరువు చెప్పకండి, ఆ రోజే తూచుకోండి. ఐవీఎఫ్ ద్వారా గర్భం వస్తే మొహమాటపడకుండా ఫారంలో రాయండి. వీటిలో ఏది తప్పినా అంచనా పక్కకు పోతుంది.

"డబుల్ మార్కర్ చేయించాం కదండీ, మళ్లీ ఇదేమిటి?" అని అడుగుతుంటారు. డబుల్ మార్కర్ ముఖ్యంగా డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ లోపాల కోసం. అందులో పీఎల్‌జీఎఫ్ ఉండదు. అయితే రెండింటికీ సమయం ఒకటే కాబట్టి, ముందే డాక్టరును అడిగి చీటీ మీద పీఎల్‌జీఎఫ్ కూడా రాయించుకుంటే ఒకే సూదితో పని అయిపోతుంది.

ఫలితం "150లో 1", "60లో 1" అన్నట్టు వస్తుంది. రెండో అంకె చిన్నదైన కొద్దీ ముప్పు ఎక్కువ. 60లో 1 అంటే అలాంటి అరవై మందిలో ఒకరికి రావచ్చని, మిగిలిన 59 మందికి రాకపోవచ్చని. దీనికి ఏడవాల్సిన పని లేదు, కానీ చేయాల్సిన పని ఉంది. 2017లో వెలువడిన ఆస్ప్రే పరిశోధనలో, ముప్పు 100లో 1 కన్నా ఎక్కువని తేలిన 1,776 మంది గర్భిణుల్లో సగం మందికి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా ఇచ్చారు. 37 వారాలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్రలు మింగినవారిలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ మింగినవారిలో 1.6 శాతానికి తగ్గింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన అంకె ఇదే, ఎందుకంటే ఇక్కడ తెలుసుకున్నదానికి చేయగలిగిన పని ఉంది. మన దగ్గర ఎక్కువగా దొరికే మాత్ర 75 మిల్లీగ్రాములది కాబట్టి డాక్టర్లు రెండు మాత్రలు రాస్తుంటారు. పొరపాటున రెండుసార్లు రాశారేమోనని ఒకటి మానేయకండి. అలాగని చీటీ లేకుండా సొంతంగా మొదలుపెట్టకండి.

ఈ మొదటి పరీక్ష, నెలలు నిండకముందే వచ్చే తీవ్రమైన రకాన్ని నాలుగింట మూడు వంతుల మందిలో ముందే పసిగడుతుంది. నెలలు నిండాక వచ్చే రకాన్ని సగం మందిలో కూడా పట్టలేదు. కాబట్టి మూడో నెలలో ముప్పు తక్కువ అని వచ్చినా తర్వాత బీపీ చూపించుకోవడం మానకూడదు.

ఐదో నెల దాటాక చేసే నిష్పత్తి పరీక్ష: ఎవరికి

మా చెల్లెలు చేయించుకున్నది ఇది. ఎస్‌ఫ్లిట్‌-1ను పీఎల్‌జీఎఫ్‌తో భాగిస్తే వచ్చే అంకె. 20 వారాలు దాటి, 37 వారాలు నిండని గర్భిణికి అనుమానం కలిగినప్పుడు దీని ఉపయోగం ఎక్కువ. బీపీ కొత్తగా పెరగడం, మూత్రంలో ప్రోటీన్ కనిపించడం, తగ్గని తలనొప్పి, ముఖం చేతులు ఉబ్బడం, కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గడం వంటివి ఆ అనుమానానికి కారణాలు. ఏ లక్షణమూ లేని వారు ఊరికే చేయించుకోవడానికి నేను ప్రోత్సహించను. జబ్బు తీవ్రంగా ఉందని ఇప్పటికే తేలిన వారికీ దీనితో పెద్ద పని లేదు. అక్కడ రిపోర్టు కోసం కూర్చోవడం సమయం పోగొట్టుకోవడమే.

ఇది ప్రయోగాల దశలో ఉన్న పరీక్ష కాదు. బ్రిటన్‌లో 11 ఆస్పత్రుల్లో జరిగిన పరిశోధన 2019లో వెలువడింది. పీఎల్‌జీఎఫ్ ఫలితం డాక్టరు చేతికి ఇచ్చినప్పుడు జబ్బు నిర్ధారణకు పట్టే సమయం 4.1 రోజుల నుంచి 1.9 రోజులకు తగ్గింది, తల్లులకు తీవ్రమైన హాని కూడా తగ్గింది. 2023 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఈ నిష్పత్తి పరీక్షకు అనుమతి ఇచ్చింది. మన దగ్గర పెద్ద నగరాల ల్యాబ్‌లు చేస్తాయి, చిన్న ఊళ్ల నుంచి నమూనా పంపిస్తారు. ప్రతి ఆస్పత్రిలో మామూలుగా చేసే పరీక్ష మాత్రం ఇంకా కాలేదు.

సూది గుచ్చే ముందు

పరగడుపున ఉండక్కర్లేదు. గర్భిణిని ఆకలితో కూర్చోబెట్టకండి. ఇడ్లీ తిని హాయిగా రావచ్చు.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో తప్పకుండా చెప్పండి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని యంత్రాల ఫలితాలను తప్పుదారి పట్టించగలదు. ఈ ప్రశ్న అడగని ల్యాబ్‌లే ఎక్కువ కాబట్టి మీరే నోరు తెరవాలి.

ఎన్నో వారం అన్నది మొదటి స్కాన్ రిపోర్టు చూసి చెప్పండి. వేళ్ల మీద లెక్కపెట్టి "ఏడో నెల పడింది" అంటే ల్యాబ్‌కు సరిపోదు. పీఎల్‌జీఎఫ్ మామూలుగానే సుమారు 30వ వారం దాకా పెరిగి ఆ తర్వాత తగ్గుతుంది. ఎస్‌ఫ్లిట్‌-1 చివరి వారాల్లో సహజంగానే పెరుగుతుంది. అంటే ఒకే అంకె 28వ వారంలో ప్రమాద సూచన కావచ్చు, 36వ వారంలో మామూలు విషయం కావచ్చు. కవలలైతే తప్పనిసరిగా రాయించండి. రెండు పిండాల గర్భంలో ఎస్‌ఫ్లిట్‌-1 సహజంగానే ఎక్కువ.

నమూనా వేరే ఊరికి పంపుతారా, ఫలితం ఎన్ని గంటల్లో వస్తుంది అని అడగండి. ఇది ఈ రోజు నిర్ణయానికి పనికొచ్చే పరీక్ష. నాలుగు రోజుల తర్వాత వచ్చే రిపోర్టు నాలుగు రోజుల కిందటి తల్లి సంగతి చెబుతుంది.

అంకె చదవడం

మొదట రిపోర్టు మీద ఏ యంత్రం, ఏ పద్ధతి అని ఉందో చూడండి. రోష్ కంపెనీ యంత్రాలలో వాడే హద్దులు 38, 85, 110. థర్మో ఫిషర్ వారి క్రిప్టార్ యంత్రానికి అమెరికాలో పెట్టిన హద్దు 40. పీఎల్‌జీఎఫ్ ఒక్కటే కొలిచే ట్రయాజ్ అనే పరికరం కూడా ఉంది. అక్కడ 100 పికోగ్రాములకు పైన ఉంటే మంచిది, 12 కన్నా తక్కువైతే చాలా తక్కువ. గమనించండి, నిష్పత్తి పెరిగితే చెడు, పీఎల్‌జీఎఫ్ తగ్గితే చెడు. ఈ తిరకాసు తెలియక పీఎల్‌జీఎఫ్ 9 అని వస్తే "చాలా తక్కువ వచ్చింది, దేవుడి దయ" అని దండం పెట్టుకున్న కుటుంబాన్ని కౌంటరు దగ్గరే ఆపి వెనక్కి డాక్టరు దగ్గరకు పంపాను.

ఇక రోష్ పద్ధతి చూద్దాం. మా చెల్లెలి రిపోర్టులో ఎస్‌ఫ్లిట్‌-1 3,186, పీఎల్‌జీఎఫ్ 118. భాగిస్తే 27. హద్దు 38 లోపు ఉంది. దీని అర్థం, వచ్చే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ అని. 14 దేశాల్లో జరిగిన ప్రోగ్నోసిస్ అనే పరిశోధన 2016లో వెలువడింది. 38 లోపు వచ్చినవారిలో 99.3 శాతం మందికి ఆ వారంలో జబ్బు రాలేదు. అంత గట్టి మాట చెప్పే పరీక్షలు మా ల్యాబ్‌లో ఎన్నో లేవు.

38 దాటితే? అదే పరిశోధనలో, 38 దాటిన వారిలో నాలుగు వారాల లోపు జబ్బు వచ్చింది 36.7 శాతం మందికే. దగ్గర దగ్గర మూడింట రెండు వంతుల మందికి రాలేదు. లేదు అని చెప్పేటప్పుడు ఈ పరీక్షను నమ్మవచ్చు. ఉంది అని చెప్పేటప్పుడు దాన్ని హెచ్చరికగా తీసుకోవాలి, తీర్పుగా కాదు. 38కీ 85కీ మధ్య వస్తే డాక్టర్లు త్వరగా మళ్లీ రమ్మంటారు, ఒకటి రెండు వారాల్లో పరీక్ష తిరిగి చేయిస్తారు. 34 వారాల లోపు 85 దాటినా, 34 తర్వాత 110 దాటినా జబ్బు ఉందనే వైపు త్రాసు బాగా మొగ్గుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి చెల్లెలికి నొక్కి చెప్పని సంగతి. 38 లోపు అన్న భరోసా వారం రోజులది. కాన్పు దాకా కాదు.

ఇది నాకు అంత గుచ్చుకోవడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయిని అర్ధరాత్రి ఆటోలో తీసుకొచ్చారు. తొలి కాన్పు, 35 వారాలు. సాయంత్రం నుంచి తలనొప్పి, పొట్ట పైభాగంలో నొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. దారిలో మూర్ఛ వచ్చింది. రక్తం మా దగ్గరకు వచ్చేసరికి ప్లేట్‌లెట్లు 62 వేలు. భర్త చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జాగ్రత్తగా మడిచిన నిష్పత్తి రిపోర్టు, విలువ 22. "నార్మల్ అన్నారండీ, నార్మల్ అన్నారండీ" అంటూ దాన్ని నాకు చూపిస్తూనే ఉన్నాడు. రిపోర్టు మీద తేదీ ఐదు వారాల కిందటిది. అది చేసిన రోజున ఆ 22 నిజమే. ఎన్ని రోజులకు పనికొస్తుందో ఎవరూ అతనికి చెప్పలేదు. తల్లీ బిడ్డా దక్కారు. ఆ తర్వాత నేను సంతకం పెట్టే ప్రతి నిష్పత్తి రిపోర్టు కింద "ఈ ఫలితం నమూనా తీసిన నాటి నుంచి వారం రోజులకు మాత్రమే" అని తెలుగులో రాయిస్తున్నాను. మీ ల్యాబ్ రాయకపోతే మీరే పెన్నుతో రాసుకోండి. పక్కనే గడువు తేదీ వేయండి, పాలప్యాకెట్ మీద వేసినట్టు.

పక్కన చూడాల్సిన పాత అంకెలు

కొత్త పరీక్ష మోజులో వీటిని వదిలేయవద్దు. అనుమానం ఉన్న ప్రతిసారీ ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ ఎంజైములైన ఎస్‌జీపీటీ ఎస్‌జీఓటీ, మూత్రంలో ప్రోటీన్ చూడాలి. ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గడం, క్రియాటినిన్ 1.1 దాటడం, కాలేయ ఎంజైములు మామూలు గరిష్ఠానికి రెండింతలు కావడం జబ్బు తీవ్రమైందనడానికి గుర్తులు. క్రియాటినిన్ విషయంలో ఒక జాగ్రత్త. గర్భిణికి అది మామూలుగానే తగ్గుతుంది. అందరికీ వర్తించే హద్దు చూసి 1.0ని "నార్మల్" అని పక్కన పెట్టేస్తారు. పాత రిపోర్టులో 0.5 ఉండి ఇప్పుడు 1.0 వచ్చిందంటే రెండింతలైనట్టు. అందుకే పాత రిపోర్టు పారేయవద్దు.

మూత్రంలో ప్రోటీన్‌కు పట్టీ ముంచి చూసేది మొదటి చూపు మాత్రమే. తెల్లబట్ట అయినప్పుడు ఇచ్చిన నమూనా తప్పు చూపించవచ్చు. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలి, మధ్య ధార పట్టి ఇవ్వాలి. అనుమానం ఉంటే ప్రోటీన్ క్రియాటినిన్ నిష్పత్తి చేయిస్తారు. అది 0.3 లేదా ఆ పైన ఉంటే ప్రోటీన్ పోతున్నట్టే.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

మన ఆచారంలో తొలి కాన్పుకు అమ్మాయి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వస్తుంది. ప్రీఎక్లాంప్సియా ఎక్కువగా తలెత్తేదీ ఆ చివరి నెలల్లోనే. సరిగ్గా అప్పుడే డాక్టరు మారతారు, ల్యాబ్ మారుతుంది, బీపీ యంత్రం మారుతుంది. ఆచారాన్ని నేను తప్పుపట్టను, తల్లి దగ్గర ఉండే ధైర్యం వేరు. కానీ చీరలు సర్దినంత శ్రద్ధగా ఫైలు సర్దాలి.

మా చెల్లెలు 32వ వారంలో సీమంతం చేసుకుని కాకినాడ వచ్చింది. పట్టుచీరలు మూడు పెట్టెల్లో వచ్చాయి, రిపోర్టుల ఫైలు హైదరాబాద్‌లో బీరువా మీద ఉండిపోయింది. నా దగ్గర ఉన్నది ఫోన్‌లో పంపిన ఒక్క రిపోర్టు. ఆ మూడు వారాల బీపీలు ఎవరి దగ్గరా లేవు. 33వ వారంలో ఒక ఉదయం, సీమంతానికి వేసిన గాజులు చేతికి బిగుసుకుపోయాయని అమ్మ నవ్వుతూ చెప్పింది. "నీరు పట్టిందిలే, అందరికీ ఉండేదే" అంది. పాదాల వాపు చాలామందికి ఉండేదే, నిజం. రెండు రోజుల్లో గాజులు బిగిసేంత, ముఖం ఉబ్బేంత వాపు వస్తే బీపీ చూడాల్సిందే. చూస్తే 154/102.

ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఎస్‌ఫ్లిట్‌-1 8,700, పీఎల్‌జీఎఫ్ 58. నిష్పత్తి 150. మూడు వారాల్లో 27 నుంచి 150. అదృష్టవశాత్తు రెండు ల్యాబ్‌ల పద్ధతీ ఒకటే కాబట్టి ఆ పెరుగుదలను నమ్మగలిగాం. వేర్వేరు పద్ధతులైతే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. వీలైతే రెండోసారీ అదే పద్ధతిలో చేయించండి.

అంకె ఎక్కువ వస్తే ఏం జరుగుతుంది

అంకె చూసి వెంటనే ఆపరేషన్ చేయరు, చేయకూడదు కూడా. కాన్పు ఎప్పుడన్నది తల్లి పరిస్థితి, బిడ్డ పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. తీవ్ర లక్షణాలు లేకపోతే 37 వారాల దాకా నెట్టుకొస్తారు. ఉంటే సాధారణంగా 34 దాటాక ఆగరు. అంతకన్నా ముందే తప్పనిసరి కావచ్చు. చెల్లెల్ని చేర్చుకుని బీపీ తగ్గించే లాబెటలాల్ మొదలుపెట్టారు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, నాలుగు సూదులు వేశారు. నాలుగో సూది పడేదాకా మా అమ్మ గడియారం వంక చూస్తూ కూర్చుంది. మూర్ఛలు రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు. దాన్ని ఇచ్చేటప్పుడు ఒళ్లంతా వేడి పుడుతుంది, భయపడవద్దని ముందే చెబితే తల్లికి ధైర్యంగా ఉంటుంది. ఐదో రోజున బీపీ అదుపు తప్పడంతో ఆపరేషన్ చేశారు. పాప 1,740 గ్రాములు.

ముందుగా తెలియడం వల్ల ఒరిగిందేమిటంటే ఆ ఐదు రోజులు. నవజాత శిశువుల ప్రత్యేక విభాగం ఉన్న ఆస్పత్రికి మూర్ఛ రాకముందే చేరడం, నాలుగు సూదులూ పూర్తికావడం.

పరీక్ష అందుబాటులో లేని చోట

మన్యంలోనో, లంక గ్రామంలోనో ఉన్నవారు ఈ పరీక్ష లేదని దిగులుపడవద్దు. బీపీ, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటాయి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ముందు కాన్పులో బీపీ వచ్చినవారు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బు) ఉన్నవారు, కవలల గర్భం ఉన్నవారు, 40 ఏళ్ల తర్వాత తొలి గర్భం దాల్చినవారు 12వ వారం లోపే ఆ మాట చెప్పాలి. రక్తపరీక్ష లేకపోయినా ఆ చరిత్రను బట్టే ఆస్పిరిన్ రాయవచ్చు. ప్రభుత్వం ఇచ్చే కాల్షియం మాత్రలు మానవద్దు, ఆహారంలో కాల్షియం తక్కువ ఉన్నవారిలో అవి ఈ ముప్పును తగ్గిస్తాయి. చప్పిడి కూడు మాత్రం పెట్టకండి. ఉప్పు మానిపించడం వల్ల ప్రీఎక్లాంప్సియా ఆగదు.

తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద లేదా పొట్ట పైభాగంలో నొప్పి, ఆయాసం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. జేబులో ఎంత మంచి రిపోర్టు ఉన్నా సరే.

కాన్పు తర్వాత

కాన్పయితే జబ్బు పోతుందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పోతుంది, కానీ ఆ రోజే కాదు. మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పెరుగుతుంది, అప్పటికి చాలామంది ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. కాన్పయిన ఆరు వారాల లోపు ఎప్పుడైనా ప్రీఎక్లాంప్సియా కొత్తగా కూడా రావచ్చు. ఇక్కడ నిష్పత్తి పరీక్ష పనికిరాదు, బీపీ యంత్రమే దిక్కు. చెల్లెలికి నాలుగో రోజు 150/100 వచ్చింది. మాత్రలు ఆపడానికి ఆరు వారాలు పట్టింది.

పాపకు ఇప్పుడు మూడో ఏడు. చెల్లెలు రెండో కాన్పు గురించి ఆలోచిస్తోంది. హైదరాబాద్‌లో మిగిలిపోయిన ఆ ఫైలు తెప్పించి, రెండు ఊళ్ల రిపోర్టులూ తేదీల వరుసలో కుట్టి, అట్ట మీద ఎర్ర సిరాతో రాసి ఇచ్చాను: "మొదటి కాన్పులో 33వ వారంలో ప్రీఎక్లాంప్సియా. 12వ వారం లోపు చూపించి ఆస్పిరిన్ గురించి అడగాలి."